జమీందారు కూతురి పెన్ను

అచ్యుతరామయ్య చేతులు చూసినవాళ్లెవరూ ఆయన రాతపని చేసి బతుకుతాడని అనుకునేవాళ్లు కాదు. ఆరడుగుల మనిషి. దానికి తగ్గ భుజాలు. ఒక్కో వేలూ ఒక్కో అరటికాయ. ఫిల్మ్ నగర్‌లో కొత్తగా చేరిన ప్రొడక్షన్ మేనేజర్లు ఆయన్ని చూసి, ఫైటర్లు కూర్చునే వరండా అటువైపని చెయ్యి చూపించిన సందర్భాలు రెండున్నాయి. ఆ రెండింటినీ ఆయనే అందరికీ చెప్పుకునేవాడు. రెండోసారి పొరపాటు బయటపడేలోపు ఫైటర్ల కోసం తెప్పించిన ఆమ్లెట్లు కూడా తినేశానని కలిపి మరీ చెప్పేవాడు.

ఆయన చేసేది సాపు రాసే పని. మాటల రచయిత బసవపున్నయ్య గారు కొట్టివేతలతో, బాణం గుర్తులతో, టీ మరకలతో రాసి పడేసిన కాగితాలను తీసుకుని, గుండ్రటి అక్షరాలతో మళ్లీ రాసి, దర్శకుడికి ఒకటి, సహాయ దర్శకులకు రెండు, నిర్మాత బీరువాకు ఒకటి చొప్పున ప్రతులు తయారుచేసేవాడు. మద్రాసులో ఉన్నప్పుడు మొదలైన పని. పరిశ్రమ హైదరాబాదు వస్తే దానితోపాటు ఆయనా వచ్చాడు. ఒకే ఊపులో నాలుగు ప్రతులు దిగాలంటే కింద కార్బన్ కాగితాలు పెట్టి, బాల్ పెన్నుతో గట్టిగా ఒత్తి రాయాలి. కాబట్టి ఇంటినిండా ఫౌంటెన్ పెన్నులున్న ఈ మనిషి రోజూ తిండి తినేది మాత్రం బాల్ పెన్ను పుణ్యాన.

ఆ ఫౌంటెన్ పెన్నులు కూడా మామూలువి కావు. అన్నీ పాతవి, అన్నీ బుల్లివి. తన చూపుడువేలి కంటే పొడవున్న పెన్నును కొననని అచ్యుతరామయ్య ఒక నియమం పెట్టుకున్నాడు. మెడలో గొలుసుకు వేలాడదీసుకోవడానికి మూతకు రింగు ఉన్నవి కొన్ని, జేబు డైరీ వెన్నులో దూర్చేవి కొన్ని, సిరా పీల్చుకోవడానికి పక్కన బియ్యపుగింజంత మీట ఉన్నవి కొన్ని. ఒకటైతే మూత పెట్టాక చిన్న పచ్చిమిరపకాయలా ఉంటుంది, రంగు కూడా అదే. వీటిలో ఒక్కదానితోనూ ఆయన రెండు వాక్యాలు రాసి ఎరుగడు. పట్టుకుంటే పెన్ను కనపడదు, బొటనవేలు మాత్రమే కాగితం మీద పాకుతున్నట్టు ఉంటుంది.

ఈ పిచ్చి ఎలా పట్టిందంటే, మద్రాసులో చేరిన కొత్తలో ఒక షూటింగులో హీరోయిన్ ఉత్తరం రాసే షాటు తీశారు. ఆమె చేతికి ఎవరో బొమ్మంత పెన్ను తెచ్చిచ్చారు. షాటు అయ్యాక దాన్ని వెనక్కి అడిగినవాళ్లు లేరు. నువ్వే ఉంచుకో, రాసేవాడివి కదా అన్నారు. గదికి తీసుకెళ్లి సంతకం చేద్దామని కూర్చుంటే అది మూడుసార్లు వేళ్ల సందులోంచి జారి మంచం కింద పడింది. మూడోసారి మంచం కిందికి దూరి, బయటికి రాలేక ఇరుక్కున్నప్పుడు, తనకు అది విపరీతంగా నచ్చిందని తెలిసింది. చేతికి పట్టనిదే కంటికి నచ్చడమేమిటని తర్వాత చాలాసార్లు ఆలోచించాడు గానీ జవాబు దొరకలేదు. దొరకలేదు కాబట్టి ఇంకొకటి కొన్నాడు.

భార్య నాగేశ్వరి సినిమాల్లో చిన్న వేషాలు వేసే ఆడవాళ్లకు జాకెట్లు కుట్టేది. మిగిలిన ముక్కలతో ఆవిడ ఈ పెన్నుల కోసం అరలరలుగా ఒక గుడ్డ కుట్టింది. చుట్టేస్తే చాపలా చుట్టుకుంటుంది, పరిస్తే ఒక్కో అరా ఒక్కో రంగు, ఒక్కో జరీ. ఆవిడకు ఆ పెన్నుల మీద ప్రేమేమీ లేదు. "ఇంతింత మనిషి ఇంతింత వస్తువుల వెనకాల తిరుగుతుంటే చూడ్డానికి అదోలా ఉంటుందండీ, కనీసం ఒక గుడ్డలోనైనా ఉండనివ్వండి" అని కుట్టిచ్చింది.

ఆ గుడ్డలో నట్టనడుమ, ఎర్ర బ్రొకేడు అరలో ఉండేది జమీందారు కూతురి పెన్ను.

దాన్ని ఆయన డెబ్బయ్యారులో మద్రాసు మూర్ మార్కెట్లో, పాత తాళాలూ కళ్లజోళ్లూ కుప్పపోసిన దుప్పటి మీద చూశాడు. నల్లగా, నున్నగా, పక్కన చిన్న క్లిప్పుతో ఉంది. మూత మరలు తిప్పి తెరిస్తే లోపల పాళీ లేదు. ఖాళీ గొట్టం. అడుగున చిన్న దూదిపింజ మాత్రం ఉంది. నిజానికి అది ఆయన చూపుడువేలి కంటే కాస్త పొడవే. కానీ అంత సన్నటి పెన్నును అంతకుముందు చూడలేదు. సన్నదనం కూడా చిన్నదనం కిందికే వస్తుందని అక్కడికక్కడే నియమాన్ని సవరించుకుని కొనేశాడు. అమ్మినవాడు దాని గురించి ఒక్కమాట చెప్పలేదు. ఈ సంగతిని అచ్యుతరామయ్య తర్వాతి కాలంలో నొక్కి చెప్పేవాడు. తనను మోసం చేసినవాళ్లెవరూ లేరనీ, ఆ పని తానొక్కడే పూర్తిచేశాడనీ.

పాళీ వేయించడానికి పెన్నులు బాగుచేసే ముసలాయన దగ్గరికి తీసుకెళితే, ఆయన దాన్ని దీపం కింద పెట్టి చూసి, ఇందులో ఎప్పుడూ సిరా పోసినట్టు లేదే, ఒక్క మరక కూడా కనపడదే అని ఆశ్చర్యపడ్డాడు. అచ్యుతరామయ్య దానికీ సమాధానం చెప్పాడు. ఎవరో శుభ్రమైన మనుషులు వాడి ఉంటారు అన్నాడు. ముసలాయన కొలత తీసుకుని, గొట్టం మూతికి సరిపడే బిరడా ఒకటి తరిణె యంత్రం మీద తిప్పి, దానికి చిన్న పాళీ బిగించి ఇచ్చాడు.

శుభ్రమైన మనుషులు అన్నది మొదటి ఏడాది. రెండో ఏటికి వాళ్లు ఆడవాళ్లయ్యారు, ఎందుకంటే మగవాళ్లు అంత శుభ్రంగా ఉండరు. మూడో ఏటికి ఆడవాళ్లు పోయి ఒక్క ఆడపిల్ల మిగిలింది. అంత ఖరీదైన పెన్ను మామూలు ఇంట్లో ఉండదు కాబట్టి జమీందారు ఇల్లయింది. అడుగున ఉన్న దూది సంగతి చాలాకాలం తేలలేదు. ఒకరోజు స్నానం చేస్తుండగా తట్టింది. అత్తరు దూది. ఆ పిల్ల రాసే ఉత్తరాలు పరిమళించాలని లోపల అత్తరు అద్దిన దూది పెట్టుకునేది. మరి సిరా మరక ఎందుకు లేదంటే, ఆ పిల్ల ఆ ఉత్తరం ఎన్నడూ రాయలేదు. రాద్దామనుకుంటూనే ఉండిపోయింది. ఈ చివరి మలుపు బసవపున్నయ్య గారు ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉచితంగా ఇచ్చారు. అచ్యుతరామయ్య కళ్లు చెమర్చాయి. ఆ క్షణం నుంచీ అది తను కల్పించిన కథ అన్న సంగతి ఆయన పూర్తిగా మరిచిపోయాడు.

హైదరాబాదు వచ్చాక ఆ కథకు గిరాకీ పెరిగింది. జూబ్లీ హిల్స్‌లో ఏ నిర్మాత ఇంటికి కథాచర్చలకు వెళ్లినా, మధ్యలో ఎక్కడైనా కథ ఆగిపోతే, రామయ్యా ఆ పెన్ను బయటికి తియ్యి అనేవాళ్లు. ఆయన గుడ్డ పరిచి, మధ్య అరలోంచి రెండు వేళ్లతో తీసి, మూత విప్పి, వాళ్ల ముక్కు దగ్గర పెట్టేవాడు. అత్తరు వాసన వస్తోందని చెప్పినవాళ్లు చాలామంది. వాళ్లలో ఇద్దరికి జలుబు.

ఇంతమందికి చూపించినవాడు తాను అద్దెకుంటున్న ఇంటి యజమానురాలికి మాత్రం చూపించలేదు. రహమత్ నగర్‌లో మేడమీద రెండు గదుల్లో ఈ దంపతులుండేవాళ్లు. కింద బాలమణి ఉండేది. సర్కారు దవాఖానలో ముప్పై రెండేళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి. సందులో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ముందు ఆవిడ గుమ్మం తొక్కాల్సిందే. నాగేశ్వరికీ ఆవిడకీ మంచి స్నేహం. ఒకసారి ఆవిడ, మీ సారు ఏవో కలాలు జమ చేస్తడట గదా, జర చూడనియ్యమను అని అడిగిందట. ఆమెకేం తెలుస్తుంది వీటి విలువ అని అచ్యుతరామయ్య ఆ మాట దాటవేశాడు. ఎనిమిదేళ్లపాటు రోజూ రెండుపూటలా ఆవిడ గుమ్మం ముందునుంచే, చంకలో ఆ గుడ్డచుట్టతో నడిచి వెళ్లాడు.

తొంభై తొమ్మిదిలో, ఆయన చాలాకాలం పనిచేసిన ఒక నిర్మాత కాలం చేశాడు. కొడుకు రవిచంద్రకు సినిమాల మీద ఆసక్తి లేదు. తండ్రి కథలు వినే ఆఫీసును, జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దాటాక ఉండే ఆ రెండంతస్తుల మేడను, సాఫ్ట్‌వేర్ కంపెనీగా మార్చేశాడు. కథాచర్చలు జరిగే హాల్లో చెక్కగళ్లు కట్టి, గడికో కంప్యూటర్ పెట్టి, గడికో పిల్లనో పిల్లాణ్ణో కూర్చోబెట్టాడు. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తిథి మరిచిపోతాయట, వీళ్లు వాటికి గుర్తుచేస్తారట. అచ్యుతరామయ్యకు అర్థమైనంతవరకు అది.

చిన్నప్పుడు మద్రాసులో ఆయన భుజమెక్కి ఆడిన పిల్లాడు రవిచంద్ర. ఒకరోజు కారు పంపించి పిలిపించాడు. ముందుగదిలో అద్దాల పెట్టె ఒకటి చేయించాననీ, మనిషి రాత ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చిందో వచ్చినవాళ్లకు చూపించాలనుకుంటున్నాననీ, బాబాయి గారి పెన్నులు అందులో పెడితే బాగుంటుందనీ చెప్పాడు. ప్రారంభోత్సవానికి విదేశాల నుంచి క్లయింట్లు వస్తున్నారు. ఆ జమీందారు అమ్మాయి కథ మీ నోటితోనే రెండు నిమిషాలు చెప్పాలండీ అన్నాడు.

ఆ మాటతో అచ్యుతరామయ్య నేల మీద నడవడం మానేశాడు. పదిహేను రోజులు కూర్చుని నలభై ఒక్క పెన్నులకు నలభై ఒక్క కార్డులు తన చేత్తో రాశాడు. ప్రతి తెలుగు కార్డు కింద ఆఫీసువాళ్లు ఇంగ్లీషులో అచ్చువేసిన కార్డు పెట్టారు. జమీందారు కూతురి పెన్నుకు మాత్రం రెండూ పెద్దవి, కింద ఎర్ర మఖమలు, పైన ప్రత్యేకంగా ఒక దీపం. నాగేశ్వరి ఆయనకు కొత్త లాల్చీ కుట్టింది. ప్రారంభోత్సవానికి తనకు తోడుగా బాలమణిని తీసుకొస్తానంది. రానీ, పాపం ఆవిడ కూడా చూస్తుంది అన్నాడు అచ్యుతరామయ్య. ఆ పాపం అన్న మాట తర్వాత ఆయన్ని చాలాకాలం గుచ్చింది.

పదకొండు గంటలకు ముహూర్తం. పదిన్నరకే ముందుగది నిండిపోయింది. మెడలో గుర్తింపు కార్డులు వేసుకున్న పిల్లలు, సూట్లు వేసుకున్న ఐదుగురు విదేశీయులు, కొబ్బరికాయ పట్టుకున్న పూజారి. అచ్యుతరామయ్య అద్దాల పెట్టె పక్కన ద్వారపాలకుడిలా నిలబడ్డాడు. నాగేశ్వరీ బాలమణీ వచ్చారు. బాలమణి ఒక్కో పెన్నునూ వంగి చూసి, ముద్దుగున్నయ్ అని మెచ్చుకుంటూ వచ్చి, ఎర్ర మఖమలు దగ్గర ఆగింది. కళ్లజోడు సవరించుకుంది. ఆమె గొంతులో వెక్కిరింత లేదు, తెలిసిన మనిషిని తెలియని ఊళ్లో చూసినట్టుంది.

"గిదేంది సారూ, జరం పుల్ల డబ్బి గీడ పెట్టిండ్రు?"

అచ్యుతరామయ్యకు అర్థం కాలేదు. పెన్నండీ అది అన్నాడు, చిన్నపిల్లలకు చెప్పినట్టు.

"గిది కలం గాదు సారూ. జరం చూసే గాజుపుల్ల ఉంటది సూడు, దాన్ని పెట్టుకునే డబ్బి. నేను నౌకరిల చేరినప్పుడు మా దవాఖానల అందరి జేబులకు గివే ఉంటుండె. పుల్ల పగులకుంట అడుగున దూది పెడ్తుంటిమి. గిండ్ల దూది ఉండెనా?"

ఉండె అని ఆయన నోటిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. దూది, సిరా మరక లేకపోవడం, పాళీ లేకపోవడం, జేబుకు తగిలించే క్లిప్పు, అన్నీ ఒక్కసారిగా వచ్చి వరుసలో నిలబడ్డాయి. ఇరవై మూడేళ్లుగా జమీందారు కూతురు అనుకున్న మనిషి తెల్లచీర కట్టుకుని, జేబులోంచి గాజుపుల్ల తీసి విదిలిస్తూ, నోరు తెరవండి అంటోంది. నాగేశ్వరి ఆయన ముఖం చూసి, బాలమణి మోచెయ్యి పట్టుకుని వెనక వరసలోకి తీసుకెళ్లిపోయింది.

అప్పుడే రవిచంద్ర మైకులో ఆయన పేరు పిలిచాడు.

ఆ క్షణంలో నిజం చెప్పి ఉంటే ఎంత గొప్పగా ఉండేదని తర్వాత ఆయన వందసార్లు అనుకున్నాడు. ఆ గొప్పతనం తనకు తర్వాత తప్ప అప్పుడు ఎప్పుడూ తట్టదని కూడా అనుకున్నాడు. మైకు ముందు నిలబడి ఆయన జమీందారు కూతురి కథే చెప్పాడు. చెప్పడమంటే అలా ఇలా కాదు. ఇరవై మూడేళ్లలో ఎన్నడూ చెప్పనంత బాగా చెప్పాడు. భయం వల్ల గొంతు వణికితే అందరూ దాన్ని ఆర్ద్రత అనుకున్నారు. రవిచంద్ర ఒక్కో వాక్యం ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు. ఆ ఇంగ్లీషులో అమ్మాయికి ఒక గుర్రం కూడా వచ్చినట్టు అచ్యుతరామయ్యకు అనుమానం. ఒక విదేశీ ఆవిడ కళ్లు తుడుచుకుంది. చప్పట్లు మోగాయి. వెనక వరసలో అందరికంటే గట్టిగా కొట్టింది బాలమణి.

తిరుగు ప్రయాణంలో ఆటోలో ఆవిడ, కథ మంచిగ చెప్పినవ్ సారూ అంది. తర్వాత, నా సూపుల ఏమన్న పొరపాటున్నదేమో, మంది ముంగట అట్ల అనకపోవాల్సింది అని కూడా అంది. ఆయన్ని ఎవరైనా నాలుగు తిట్టినా ఇంత బాధగా ఉండేది కాదు. నాగేశ్వరి యూసుఫ్‌గూడ దాటేవరకు రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది.

నాలుగు రోజులు అచ్యుతరామయ్య అన్నం సరిగా తినలేదు. బాలమణిదే పొరపాటని తనకు తాను చెప్పుకున్నాడు. ప్రతి సన్నటి వస్తువూ జ్వరం పుల్ల డబ్బా కాదు కదా అని నాగేశ్వరితో వాదించాడు. ఆవిడ జాకెట్టు చంక కుడుతూ, తల ఎత్తకుండా, "వాదించడం దేనికండీ, ఒక పుల్ల కొని పెట్టి చూడండి, పడితే పడుతుంది, లేకపోతే లేదు" అంది.

ఐదో రోజు మందుల షాపులో థర్మామీటర్ కొని, లాల్చీ జేబులో పెట్టుకుని కంపెనీకి వెళ్లాడు. ముందుగదిలో ఫోన్లు ఎత్తే అమ్మాయి హిమజ ఒక్కతే ఉంది. అద్దాల పెట్టె తాళం ఆమె దగ్గరే ఉంటుంది. పెన్నుకు చిన్న మరమ్మతు ఉందని చెప్పి తాళం తీయించాడు. ఎర్ర మఖమలు మీది పెన్ను తీసి, మద్రాసు ముసలాయన బిగించిన పాళీ బిరడాను మెల్లగా తిప్పి ఊడబెరికాడు. థర్మామీటర్ను ప్లాస్టిక్ తొడుగులోంచి తీసి, గొట్టంలోకి వదిలాడు. అది ఎక్కడా ఆగలేదు, తగల్లేదు, పుట్టింటికి వెళ్లినట్టు వెళ్లిపోయింది. మూత పెట్టి మరలు తిప్పితే సరిగ్గా బిగుసుకుంది. ఊపి చూస్తే చప్పుడు కూడా లేదు.

ఆయన అక్కడే సోఫాలో కూలబడ్డాడు. చేతిలో థర్మామీటర్ తొడుగు చూసి హిమజ కంగారుపడింది.

"ఫీవర్ వచ్చిందా సార్? జర గట్లనే కూసోండ్రి, మంచినీళ్లు తెస్త."

నీళ్లు తాగి, ఆయన ఆ అమ్మాయికి జరిగినదంతా చెప్పేశాడు. ఎందుకు చెప్పాడో తెలియదు. మూర్ మార్కెట్ నుంచి మొదలుపెట్టి, స్నానాల గదిలో తట్టిన అత్తరు దాకా, ఆటోలో ఆ యూసుఫ్‌గూడ దాకా. హిమజ మొదట నవ్వు ఆపుకోవడానికి ప్రయత్నించింది. తర్వాత ఆపుకోలేదు. మధ్యలో రెండు ఫోన్లు మోగి ఆగిపోయాయి. ఆమె నవ్వుతుంటే అచ్యుతరామయ్యకూ నవ్వు వచ్చింది. నాలుగు రోజుల తర్వాత ఆకలి కూడా వేసింది.

ఆ ధైర్యంతోనే లోపలికి వెళ్లి రవిచంద్రకు చెప్పాడు. అది పెన్ను కాదు బాబూ, తీసెయ్యండి అన్నాడు. రవిచంద్ర కంప్యూటర్ మీంచి చూపు తిప్పలేదు.

"ఇప్పుడు ఎలా తీస్తామండీ బాబాయ్ గారూ? ఫొటోతో సహా కథంతా వెబ్‌సైట్లో పెట్టేశాం."

అంటే ఏమిటని అడిగితే, ప్రపంచంలో ఎవరైనా ఎక్కడినుంచైనా చదవొచ్చని వివరించాడు. అంతవరకు అచ్యుతరామయ్య అబద్ధం ఫిల్మ్ నగర్‌కూ రహమత్ నగర్‌కూ మధ్య, ఆటోలో పావుగంట దూరం లోపలే తిరిగేది. ఇప్పుడు దానికి పాస్‌పోర్టు వచ్చింది.

ఇంటికి వచ్చి తెల్ల కార్డు ఒకటి తీసుకున్నాడు. ఆయన తన జీవితంలో ఎన్ని వేల పేజీలు సాపు రాశాడో లెక్కలేదు. అన్నీ ఎవరో రాసినవి, ఎవరి నోటికో అతికించేవి. ఈసారి చిత్తు కూడా ఆయనే రాయాల్సి వచ్చింది. ఆరుసార్లు కొట్టేసి, ఏడోసారికి కుదిరింది. మర్నాడు వెళ్లి హిమజతో పెట్టె తీయించి, పాత కార్డు తీసేసి ఇది పెట్టాడు:

"ఇది పెన్ను కాదు. జ్వరం కొలిచే గాజుపుల్లను దాచుకునే డబ్బా. దీన్ని ఇరవై మూడేళ్లు పెన్ను అనుకున్నవాడు: అచ్యుతరామయ్య. చూడగానే గుర్తించినవారు: బాలమణి, నర్సు. అత్తరు, జమీందారు, ఆయన కూతురు: ఎవరూ లేరు."

ఇంగ్లీషు కార్డు జోలికి పోలేదు. ఆ భాషలో ఒక మాట కొట్టేసేంత ఇంగ్లీషు ఆయనకు రాదు.

రవిచంద్ర తెలుగు కార్డులు చదివే మనిషి కాదు కాబట్టి మూడు వారాలు ఎవరికీ ఏమీ తెలియలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక, కంప్యూటర్ పిల్లలు పదిహేనుమంది అద్దాల పెట్టె ముందు గుంపుగా నిలబడి పగలబడి నవ్వుతుంటే అతనే బయటికి వచ్చి చదివాడు. కబురు వచ్చింది. చివాట్లకు సిద్ధపడి, అందుకు తగ్గట్టు పాత చొక్కా వేసుకుని వెళ్లాడు అచ్యుతరామయ్య. రవిచంద్ర కాసేపు గంభీరంగా ఉండటానికి చూశాడు. చిన్నప్పుడు భుజం మీద ఎక్కించుకున్నవాడి ముందు అది సాగలేదు.

"సరే, తెలుగులో నిజమే ఉంచండి బాబాయ్ గారూ. ఇంగ్లీషు మాత్రం కదపకండి. ఆ రోజు కళ్లు తుడుచుకున్న క్లయింటు ఆవిడ వెళ్లేటప్పుడు కూడా ఆ అమ్మాయి గురించే అడిగింది."

అలా ఏడాదిన్నరపాటు ఒకే వస్తువు కింద రెండు కార్డులు కాపురం చేశాయి. పైన చదివినవాళ్లు నవ్వుతూ, కింద చదివినవాళ్లు నిట్టూరుస్తూ పోయేవాళ్లు. రెండూ చదవగలిగిన ఆఫీసు పిల్లలు కొందరు తమ ఇళ్లలోని తాతల పెన్నులు, అమ్మమ్మల పెన్నులు తెచ్చి హిమజ దగ్గర పెట్టి వెళ్లేవాళ్లు. అచ్యుతరామయ్య శనివారాలు వచ్చి వాటిని కడిగి, ఎండిన సిరా వదిలించి, పాళీలు సరిచేసేవాడు. ఇది ఎక్కడిది, ఎంత పాతది అని అడిగితే నాకు తెలియదమ్మా అనేవాడు. మొదట్లో ఆ మాట అనడానికి నోరు పెగిలేది కాదు. అలవాటయ్యాక ఎంత తేలికగా ఉందంటే, అన్నీ తెలిసినవాడిలా ఇన్నేళ్లు ఎలా తిరిగానా అని విస్తుపోయాడు.

ఈలోగా సాపు రాసే పని సన్నగిల్లింది. బసవపున్నయ్య గారి కాగితాలు తిన్నగా కంప్యూటర్ టైపుకు వెళ్లడం మొదలైంది. ఆ టైపులో దొర్లే తప్పులు దిద్దడానికి మాత్రం మనిషి కావాల్సి వచ్చింది. అచ్యుతరామయ్య ఆ పనిలో కుదురుకున్నాడు. మౌస్ అనే వస్తువును మొదటిసారి పట్టుకున్నప్పుడు, తన చేతి కొలత తెలిసి చేసిన రాత పనిముట్టు ఇన్నాళ్లకు వచ్చిందని ప్రకటించాడు. వత్తులూ గుణింతాలూ పట్టుకోవడంలో ఆయన్ని మించినవాడు ఫిల్మ్ నగర్‌లో లేడని పేరు వచ్చింది. ఆ పేరును మాత్రం ఆయన ఖండించలేదు.

రెండువేల ఒకటిలో సాఫ్ట్‌వేర్ గాలి మళ్లింది. రవిచంద్ర కంపెనీని ఇంకెవరో కలిపేసుకున్నారు. పిల్లల్ని మాదాపూర్ తీసుకుపోయారు, కొందరిని ఇళ్లకే పంపేశారు. మేడ ఖాళీ చేస్తున్న రోజు హిమజ పెన్నులన్నీ ఒక అట్టపెట్టెలో సర్ది, ఆటోలో రహమత్ నగర్ తెచ్చిచ్చింది. ఆమెకు అప్పటికి వేరే చోట పని దొరికింది. బాలమణి గుమ్మంలోనే ఉంది. ఇద్దరూ కలిసి పెట్టె కిందకు దించారు. పైనే ఉన్న తెలుగు కార్డు బాలమణి చేతికి వచ్చింది. అందులో తన పేరు ఉందని ఆవిడకు అంతవరకు ఎవరూ చెప్పలేదు. అచ్యుతరామయ్య సిగ్గుపడి చెప్పలేదు. నాగేశ్వరి ఆయనే చెప్పాలని చెప్పలేదు.

బాలమణి దాన్ని కూడబలుక్కుంటూ రెండుసార్లు చదువుకుంది. ముప్పై రెండేళ్ల నౌకరిలో తన పేరు ఎక్కడా ఒక బోర్డు మీద రాసింది లేదంది. ఈ కాయితం నేనుంచుకోవచ్చునా సారూ అని అడిగింది. ఆయన ఆ కార్డుతో పాటు డబ్బా కూడా ఇవ్వబోయాడు. డబ్బి నాకెందుకు, గసొంటివి ముప్పై ఏండ్లు మోసిన అని వద్దంది.

వారం తిరిగేసరికి ఆ కార్డు కింది ఇంటి ముందుగదిలో, అద్దం ఫ్రేములో, కొడుకు పెళ్లి ఫొటో పక్కకు ఎక్కింది. బీపీ చూపించుకోవడానికి వచ్చినవాళ్లు దాన్ని చదివి, ఇదేంది బాలమణమ్మా అని అడిగేవాళ్లు. ఆవిడ పట్టీ చుట్టడం ఆపి మొదలుపెట్టేది. ఒక సాయంత్రం అచ్యుతరామయ్య ప్రూఫు కాగితాలతో మెట్లెక్కుతూ ఆ గొంతు విని ఆగాడు. లోపల బాలమణి చెబుతోంది. తాను గుమ్మంల అడుగువెట్టంగనే ఆడికెళ్లే గుర్తుపట్టిందట. దొరలంత లేచి నిలబడ్డరట. ఒక దొరసాని వచ్చి చెయ్యి పట్టుకుని ఊపిందట.

"గప్పుడు మా సారు గూడ మైకుల నా పేరు చెప్పిండు" అంది బాలమణి. అంతలో కిటికీలోంచి ఆయన కనిపించాడు. ఆవిడ ఒక్క క్షణం తడబడింది. "చెప్పినవ్ గదా సారూ?"

అచ్యుతరామయ్య మెట్టు మీద కాగితాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"చెప్పానమ్మా" అన్నాడు. "రెండుసార్లు చెప్పాను."